చెయ్యెత్తితేనే తెలిసే నొప్పి

నొప్పిని చెప్పుకోవడానికి మన భాషలో మాటలకు కరువు లేదు. సలుపు వేరు, పోటు వేరు, గుంజుడు వేరు, తీపు వేరు. తిమ్మిరెక్కడమూ మొద్దుబారడమూ ఒకటి కావు. జివ్వుమనడం, చీమలు పాకినట్టుండటం, చెయ్యి బరువెక్కి మనది కానట్టుండటం - వీటి మధ్య తేడా ఏ ఆడమనిషి నడిగినా చెపుతుంది. ఉస్మాన్‌గంజ్ చుట్టుపక్కల తెలుగూ దక్కనీ కలిపి మాట్లాడుకునే స్త్రీలు 'హాత్ సున్ హో జారా' అనే మాటను కూడా దీనికి చేరుస్తారు. ఇన్ని మాటలూ ఆసుపత్రి ఓపీ చీటీ మీదికి చేరేసరికి రెండే మాటలవుతాయి: చెయ్యి నొప్పి. దాని కింద నొప్పి తగ్గడానికో మాత్ర, బలానికో మాత్ర, ఆ రెండూ కడుపులో మంట పెట్టకుండా ఇంకో మాత్ర. చివర ఒక సలహా: బరువులు ఎత్తొద్దు.

ఆ చీటీ వెనక దాగిన జబ్బుల్లో ఒకదాని గురించి ఈ సంచికలో మాట్లాడదలచుకున్నాం. దాని పేరు థొరాసిక్ ఔట్‌లెట్ సిండ్రోమ్. తెలుగులో దీనికి వాడుక పేరు లేదు, కొత్తగా ఒకటి పుట్టించే ఉద్దేశం మాకూ లేదు. పేరు నోరు తిరగకపోయినా చోటు మాత్రం అందరికీ తెలిసిందే. మెడకీ భుజానికీ నడుమ, కాలర్ బోన్ వెనక, వేలు పెడితే గుంటలా తగిలే చోటు. మెడలోంచి బయల్దేరిన నరాలు చేతిలోకి దిగాలన్నా, గుండె నుంచి రక్తం చేతిలోకి పోవాలన్నా, తిరిగి రావాలన్నా ఆ ఇరుకు సందే దారి. కింద మొదటి పక్కటెముక, పైన కాలర్ బోన్, పక్కన స్కేలీన్ అనే మెడ కండరాలు. మెడకో భుజానికో గట్టి దెబ్బ తగిలాక ఆ కండరాలు బిగుసుకుపోవచ్చు, లోపల మచ్చ కట్టవచ్చు. విరిగిన కాలర్ బోన్ వంకరగా అతుక్కోవచ్చు. సందు మరింత ఇరుకవుతుంది. కొద్దిమందికి పుట్టుకతోనే మెడలో ఒక అదనపు పక్కటెముక వుంటుంది. వాళ్ళలో చాలామందికి దానివల్ల ఏ బాధా వుండదు. కొందరికి దెబ్బ తగిలాకే దాని సంగతి బయటపడుతుంది.

నూటికి తొంభైకి పైగా కేసుల్లో నొక్కుకునేది నరం. అప్పుడు చిటికెన వేలూ ఉంగరపు వేలూ తిమ్మిరెక్కుతాయి. ముంజేతి లోపలి వైపు గుంజుతుంది. మెడ, తల వెనక భాగం, ఒక్కోసారి ఛాతీ కూడా నొప్పి పెడతాయి. చేతిలో వస్తువు వున్నట్టే వుండి జారిపోతుంది. రక్తనాళం నొక్కుకునే కేసులు తక్కువే గాని అవి ప్రమాదకరం. చెయ్యి వాచి నీలంగా మారినా, పాలిపోయి చల్లబడినా మర్నాటిదాకా ఆగకూడదు, అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్ళాలి.

ఈ జబ్బుకి ఒక స్వభావం వుంది. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నంతసేపూ అది చాలాసార్లు బయటపడదు. చెయ్యి పైకెత్తినప్పుడో, ముందుకు చాపి అలాగే వుంచినప్పుడో, భుజం మీద భారం వేలాడినప్పుడో బయటికొస్తుంది. డాక్టరు ముందు కుర్చీలో కూర్చున్న స్త్రీ చెయ్యి ఆ క్షణంలో బాగానే వుంటుంది. ఎక్స్‌రేలో అదనపు ఎముక లేకపోతే ఏమీ కనబడదు. నరాల పరీక్ష చాలామందికి మామూలుగానే వస్తుంది. ఎం.ఆర్.ఐ. కూడా తరచూ అంతే. వేలకు వేలు పోసి తెచ్చుకున్న కాగితాలన్నీ 'నీకేమీ లేదు' అని రాసిస్తాయి. నొప్పి మాత్రం ఇంటికి వచ్చి దండెం మీద చీర ఆరేసేటప్పుడు పలకరిస్తుంది.

ఈ జబ్బు నరానికి సంబంధించిన రూపంలో మగవాళ్ళకన్నా స్త్రీలలో ఎక్కువగా, అదీ 20 నుంచి 50 ఏళ్ళ మధ్య కనిపిస్తుందని వైద్య గ్రంథాలే చెపుతున్నాయి. ఎందుకంటే అవి శరీర నిర్మాణం గురించి మాట్లాడతాయి. మాట్లాడనివ్వండి. సమాజశాస్త్రం చదువుకున్న మనిషికి మాత్రం మరో ప్రశ్న తోస్తుంది. ఆ ముప్పయ్యేళ్ళూ ఆ చేతులు ఏం చేస్తూ వుంటాయి?

ఉస్మాన్‌గంజ్‌లో చూద్దాం. మూసీకి ఉత్తరాన, అఫ్జల్‌గంజ్, సిద్దిఅంబర్ బజార్, బేగంబజార్, మొజంజాహీ మార్కెట్‌ల నడుమ ఇరుకిరుకుగా వుండే టోకు బజారిది. పప్పులు, మసాలా దినుసులు, ఎండుమిర్చి, చింతపండు. గంజ్ అనగానే అందరి కళ్ళముందూ నిలిచేది బస్తా మోసే హమాలీ. నిలవాల్సిందే, ఆ మెడల మీద ఈ నగరం తింటోంది. కానీ హమాలీ మోసే బస్తాకి ఒక బరువుంది, బరువుకి ఒక రేటుంది, రేటు గురించి అడగడానికి చాలీచాలకో ఒక సంఘం వుంది. స్త్రీల పని బస్తా విప్పాక మొదలవుతుంది. మిర్చి తొడిమలు తీయడం, చింతపండులో గింజా పీచూ తీయడం, చాటతో చెరగడం, జల్లించడం, ఏరడం, పొట్లాలు కట్టడం, నేల మీద ఒలికింది ఊడ్చి మళ్ళీ బస్తాకెత్తడం. కూలి కిలో లెక్కన. కొందరు సరుకు ఇంటికే తెచ్చుకుని వంట పనికీ వంట పనికీ మధ్య చేస్తారు. దీన్ని ఎవరూ బరువు పని అనరు. "కూర్చుని చేసేదే కదా" అంటారు.

కూర్చుని చేసే పనిలో శరీరానికి ఏమవుతుందో ఒకసారి గమనించండి. మెడ ముందుకు వంగి వుంటుంది. భుజాలు ముందుకీ కిందికీ జారి వుంటాయి. ఆ స్థితి గంటల తరబడి మారదు. చెరిగేటప్పుడు చాట పట్టిన రెండు చేతులూ ఛాతీ ఎత్తున గాలిలో నిలబడి వుంటాయి, వాటికి ఆనుకునేందుకు ఏమీ వుండదు. మెడ దగ్గరి ఆ సందును మరింత నొక్కడానికి ఇంతకన్నా వేరే భంగిమ అక్కర్లేదు. మిరపకాయ బరువెంత అని నవ్వేవాళ్ళు ఈ లెక్క వేయరు.

అక్కడ తొడిమలు తీసే ఒకామె సంగతి చెపుతాను. ఊరూ పేరూ వద్దు, దుకాణం పేరు అంతకన్నా వద్దు. దొంతరలోంచి జారిన బస్తా ఒకటి ఆమె ఎడమ భుజమ్మీద పడింది. ఎముక విరగలేదు. "ఎముక విరగలే గదా" అన్న ఆ మాటే తర్వాత ఆమెకు శాపమయింది. రెండ్రోజులు బామ్ రాసుకుంది, మూడోరోజు పనిలోకి వెళ్ళింది. రెండు మూడు నెలలు తిరిగేసరికి చాట చేతిలో నిలవడం మానేసింది. జడ వేసుకోలేకపోయింది, కూతురు వేసేది. రాత్రిళ్ళు చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లేచి కూర్చునేది. ఒకచోట మెడ ఎముకలు అరిగాయని పట్టీ కట్టారు. ఒకచోట మణికట్టు దగ్గర నరమన్నారు. ఇంకోచోట టెన్షన్ పెట్టుకోవద్దన్నారు. అత్తగారు పనిదొంగ అంది. అదీ ఒక రోగ నిర్ధారణే, ఫీజు తీసుకోలేదంతే.

మూడో ఏడు ఒక ఫిజియోథెరపిస్టు, చిన్నపిల్ల, ఆమెను నిలబెట్టి, రెండు చేతులూ 'చేతులెత్తు' అన్నట్టుగా మోచేతుల దగ్గర మడిచి పైకెత్తించి, మూడు నిమిషాలపాటు పిడికిళ్ళు తెరుస్తూ మూస్తూ వుండమంది. కుడిచెయ్యి నిలిచింది. ఎడమచెయ్యి సగం సేపు కాకుండానే తెల్లబోయి, తిమ్మిరెక్కి, దానంతటదే కిందికి వాలిపోయింది. ఇది డాక్టర్ల చేతిలో దశాబ్దాలుగా వున్న పరీక్ష. పైసా ఖర్చు లేదు, యంత్రం అక్కర్లేదు, గడియారం వుంటే చాలు. ఇదొక్కటే చూసి జబ్బు ఖాయం చేయకూడదన్నది నిజమే. మెడ డిస్కు, మణికట్టు, గుండె - అన్నీ చూసుకోవాలి. కానీ మూడేళ్ళలో ఆ మూడు నిమిషాలు ఎవరికీ దొరకలేదు. "ఇన్నేండ్లల్ల నా చెయ్యి పైకి లేపి సూసినోళ్ళే లేరమ్మా" అందామె. ఈ సంపాదకీయం రాయడానికి మాకు ఆ మాట చాలు.

డాక్టర్లందర్నీ ఒక్క గాటన కట్టేయడం మా ఉద్దేశం కాదు. ఈ జబ్బు చరిత్రే కొంచెం గజిబిజి. మెడలోని అదనపు పక్కటెముకను కోసి తీయడం 1861లోనే లండన్‌లో జరిగింది. ఇప్పుడు వాడుతున్న పేరు 1956 నాటిది. 1966లో రూస్ అనే అమెరికన్ సర్జన్ చంక కింది నుంచి మొదటి పక్కటెముకను తీసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాక అమెరికాలో ఆపరేషన్లు ఎక్కువయ్యాయి. అవసరం లేనివాళ్ళకీ చేశారు. కొందరికి వున్న నరమూ దెబ్బతింది. 1980లలో విల్‌బోర్న్ అనే నరాల వైద్యుడు దీన్ని గట్టిగా ప్రశ్నించాడు. పరీక్షల్లో రుజువయ్యేది 'నిజమైన' రకం, రుజువు కానిది 'వివాదాస్పద' రకం అని విడగొట్టాడు. స్త్రీల శరీరాల మీద అనవసరంగా కత్తి పెట్టడాన్ని ప్రశ్నించినందుకు ఆయనతో మాకు పేచీ లేదు. కాని ఆ 'వివాదాస్పద' అన్న మాట సర్జన్ కత్తిని వదిలి రోగి మీదికి మళ్ళింది. వివాదం చికిత్స మీద వుండాల్సింది, ఆమె నొప్పి మీద వచ్చి కూర్చుంది. రోగుల్లో ఎక్కువమంది స్త్రీలే కావడం ఈ మళ్ళింపుని ఎంత తేలిక చేసిందో వేరే చెప్పాలా?

ఇలాంటిదే మరోచోట జరిగింది. 1980లలో ఆస్ట్రేలియాలో టైపిస్టులు, టెలిఫోన్ ఆపరేటర్లు పెద్ద సంఖ్యలో చేతుల నొప్పితో పనిచేయలేని స్థితికి వచ్చారు. ఎక్కువమంది స్త్రీలు. పని వేగం గురించీ కుర్చీల గురించీ యూనియన్లు మాట్లాడుతుంటే, వైద్యుల్లో ఒక వర్గం అది మానసికమని తేల్చింది. పత్రికలు 'కంగారూ పంజా' అని ఎగతాళి పేరు పెట్టాయి. నష్టపరిహారం కోసం ఆడే నాటకమన్నారు. హైదరాబాదులో తొడిమలు తీసే స్త్రీ నష్టపరిహారం అనే మాట కూడా విని వుండదు. అయినా నాటకమాడుతోందనే అంటారు. అంటే అనుమానానికి కారణం డబ్బు కాదన్నమాట.

మన దగ్గర స్త్రీల ఆరోగ్యం అనగానే ప్రభుత్వానికి గుర్తొచ్చేది గర్భసంచి. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజెక్షన్ ప్రయోగానికి పూనుకున్నప్పుడు స్త్రీశక్తి సంఘటన అడ్డుకోవడం, 1986లో సుప్రీంకోర్టుకు వెళ్ళడం ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందికి తెలిసిన చరిత్రే. ప్రభుత్వం చెయ్యి పెట్టిన చోటే పోరాటమూ జరిగింది. ఆడమనిషి మెడ మీదా, భుజం మీదా, మణికట్టు మీదా ఏ పథకమూ గురిపెట్టలేదు. అవి కుటుంబ నియంత్రణకి అడ్డం రావు కదా! పునరుత్పత్తి చేసే శరీరానికి పథకాలున్నాయి. ఉత్పత్తి చేసే శరీరానికి నొప్పి మాత్రలున్నాయి.

ఇంటి పని సంగతికి వద్దాం. 'బరువులు ఎత్తొద్దు' అన్న సలహా వినడానికి సులువుగానే వుంటుంది. దెబ్బ తగిలిన భుజానికి విశ్రాంతి కావాలన్నదీ నిజమే. కాని ఇంటి పనిలో బరువు ఒక్కటే కాదు ఇబ్బంది, ఎత్తు కూడా. దండెం ఎత్తులో వుంటుంది. అటక ఎత్తులో వుంటుంది. బూజు దులిపేది ఎత్తులోనే. గోడకు కొట్టిన బల్ల మీది డబ్బాలు, దేవుడి పటం, పిల్ల జడ, తన జడ. వీటిలో దేనికీ పావుకిలో బరువుండదు, అన్నిటికీ చెయ్యి పైకి లేవాలి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో స్త్రీలకు బస్సు ప్రయాణం ఉచితమయింది. మంచి పని, దాన్ని వెక్కిరించే మగవాళ్ళ మాటలు విని విని విసుగెత్తింది. అయితే కిక్కిరిసిన బస్సులో అఫ్జల్‌గంజ్ దాకా పైనున్న కడ్డీ పట్టుకుని నిలబడటం ఈ జబ్బున్న మనిషికి, పైన చెప్పిన మూడు నిమిషాల పరీక్షని ముప్పావుగంట రాయడంతో సమానం. కూర్చోమని లేచే యువకుడు కనబడడు, ఎందుకంటే ఆమె చేతికి కట్టు లేదు.

ఇది నేను విని రాస్తున్నది మాత్రమే కాదు. కొన్నేళ్ళ క్రితం ఆటో తిరగబడి నా కాలర్ బోన్ విరిగింది. అది అతుక్కుంది. ఆ తర్వాత మొదలైన తిమ్మిరి పోలేదు. బోర్డు మీద రాయలేను. పుస్తకాల పై అర నా విద్యార్థులది. నాకు రోగ నిర్ధారణ జరగడానికి పట్టింది ఎనిమిది నెలలు, గంజ్‌లో ఆమెకు పట్టింది మూడేళ్ళు. ఆ తేడా రోగంలో లేదు. నాకు జీతంతో సెలవుంది, ఇంగ్లీషు వచ్చు, రెండో డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి డబ్బుంది. పైగా నా పేరు ముందున్న 'డాక్టర్' సమాజశాస్త్రానిదే అయినా ఓపీ దగ్గర అది బాగానే పనిచేసింది! నాకు విశ్రాంతి అంటే మందు. ఆమెకు విశ్రాంతి అంటే ఆ రోజు కూలి పోవడం.

ఇక చట్టం. చట్టానికి బరువు తెలుసు. మనిషికి గాయమయ్యేంత బరువు ఎత్తించకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ అంది. 1998లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల కేంద్ర నియమాలు పురుషుడికి 55 కిలోలు, స్త్రీకి 30 కిలోలు దాటకూడదన్నాయి. మహారాష్ట్రలో 1969లో మథాడీ హమాల్ చట్టం వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1976లో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల పేరుతో చట్టం చేశారు. పేరులోనే మన మాటలున్న చట్టం అది. కాని గంజ్‌లో ఆ పేరు విన్న స్త్రీ నాకు తగల్లేదు. ఈ చట్టాల ఊహలో శ్రమ అంటే ఒక మగవాడు ఒక బస్తాని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోయడం. పది గ్రాముల బరువుని పదివేలసార్లు, వంగిన మెడతో, ఏడాది పొడుగునా - ఇది ఆ ఊహలో పట్టదు.

నష్టపరిహారం కూడా అంతే. 1923 చట్టంలో ఒక జాబితా వుండేది. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం, చూపుడు వేలు పూర్తిగా పోతే 14 శాతం నష్టం అని. ఆ చట్టం 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయింది, జాబితా పద్ధతి మాత్రం వెంట వచ్చింది. తెగిపోయినదాన్ని కొలవడం తేలిక. అయిదు వేళ్ళూ వుండి, పట్టు లేని చేతికి ఎంత శాతం? జాబితాలో లేని గాయాలకు డాక్టరు అంచనా వేయవచ్చు, ఆ వెసులుబాటు చట్టంలో వుంది. కాని ముందు యజమాని ఎవరో రుజువు కావాలి. కిలో లెక్కన కూలి తీసుకుని, ఏ దుకాణం రిజిస్టరులోనూ పేరు లేని మనిషి ఎవరి ఉద్యోగి? పదిమంది ఉద్యోగులు లేని దుకాణానికి మామూలుగా ఇ.ఎస్.ఐ. వర్తించదు. గంజ్‌లో పదిమంది పనిచేసే చోటు కూడా కాగితం మీద నలుగురితో నడుస్తుంది.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. గుర్తించిన వైకల్యాల సంఖ్యను 21కి పెంచింది, అది ఒక ముందడుగు. అందులో దీర్ఘకాలిక నొప్పికి విడిగా చోటు లేదు. శారీరక కదలికల వైకల్యం కింద కొలిపించుకోవాలి, రిజర్వేషన్ల వంటి వాటికి 40 శాతం దాటాలి. కొలిచే రోజున ఆమె చెయ్యి ఎలా వుంటే అదే ఆమె వైకల్యం. పొద్దున్నే బోర్డు ముందు నిలబడ్డ చెయ్యీ, సాయంత్రం నాలుగింటికి చెరిగి చెరిగి వున్న చెయ్యీ ఒకటేనా?

కోర్టుల్లో మాత్రం ఈ విషయంలో పనికొచ్చే మాటలు కొన్ని వున్నాయి, న్యాయవాద మిత్రులు వాటిని పట్టుకోవాలి. 2010 అక్టోబరులో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఒక స్పష్టమైన తేడా చూపింది. శరీరంలో ఎంత శాతం పోయిందన్నది వేరు, సంపాదనలో ఎంత పోయిందన్నది వేరు. ఎడమచెయ్యి పోయిన డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువు దాదాపు పూర్తిగా పోవచ్చు, ప్రభుత్వ గుమాస్తాకి ఉద్యోగం వుండొచ్చు అంది. ఆ వరసలో మనం చెరిగే స్త్రీని నిలబెట్టాలి. ఇంట్లో చేసే పని సంగతి? అదే ఏడాది అరుణ్‌కుమార్ అగర్వాల్ కేసులో జస్టిస్ గంగూలీ, 2001 జనాభా లెక్కలు ఇంటిపని చేసే స్త్రీలను బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి పనిచేయనివాళ్ళుగా లెక్కించడాన్ని తప్పు పట్టారు. 2021 జనవరిలో కీర్తి వర్సెస్ ఓరియంటల్ ఇన్సూరెన్స్ కేసులో మన తెలుగువాడైన జస్టిస్ ఎన్.వి. రమణ 2019 కాల వినియోగ సర్వేని ఉదహరించారు. జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకి 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని అందులో వుంది.

గమనించాల్సిన విషయం, ఆ రెండూ చనిపోయిన స్త్రీల కేసులు. చనిపోయిన గృహిణి శ్రమకి ధర కట్టడం న్యాయస్థానాలు నేర్చుకున్నాయి. బతికి వుండి, ఆ 299 నిమిషాలూ నొప్పితో చేస్తున్న మనిషికి కట్టడం ఇంకా బాగా నేర్వాలి. పైగా ఒక గడువు వచ్చి పడింది. 2019 సవరణ ప్రకారం, 2022 ఏప్రిల్ 1 నుంచి, రోడ్డు ప్రమాద పరిహారానికి ఆరు నెలల్లోగా దరఖాస్తు చేయాలన్నారు. దాన్ని సవాలు చేస్తూ కేసులు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. జబ్బు పేరు తెలియడానికే ఏళ్ళు పట్టే గాయానికి ఆరు నెలల గడువు ఏం న్యాయం? అయినా చదివేవాళ్ళకు మా సలహా, పేరు తెలిసేదాకా ఆగొద్దు. ప్రమాదం జరిగిన వెంటనే చిన్న దెబ్బయినా ఆసుపత్రిలో రాయించుకోండి, గడువులోపు దరఖాస్తు పెట్టండి, మెడా భుజమూ అన్న మాటలు అందులో వుండేలా చూసుకోండి.

ఇక్కడే ఇంకో దెబ్బ గురించి మాట్లాడాలి. బస్తా పడలేదు, ఆటో తిరగబడలేదు. చెయ్యి వెనక్కి విరిచి మెలిపెట్టడం, జుట్టు పట్టుకుని మెడ గుంజడం, భుజాన్ని గోడకేసి కొట్టడం. ఇంట్లో జరిగే ఈ దెబ్బలన్నీ సరిగ్గా ఆ సందు మీదే పడతాయి. ఓపీలో ఆమె చెప్పేది మెట్ల మీంచి జారిపడ్డానని. పక్కన నిలబడి వున్నవాడు తలూపుతాడు. ఏడాది తర్వాత తిమ్మిరితో మళ్ళీ వచ్చినప్పుడు పాత దెబ్బ గురించి ఎవరూ అడగరు, ఆమే చెప్పదు. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు నుంచి అమల్లో వుంది. వైద్యానికైన ఖర్చూ, పోయిన సంపాదనా భర్త నుంచి ఇప్పించే అధికారం దాని 20వ సెక్షన్ మెజిస్ట్రేటుకి ఇచ్చింది. ఆ సెక్షన్ కింద వేళ్ళ తిమ్మిరి గురించి అడిగిన పిటిషన్ ఎవరయినా చూశారా? చూస్తే మాకు రాయండి, ఆ కాగితం నకలు వందమందికి పనికొస్తుంది.

వైద్యం గురించి ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఎక్కువమందికి మొదటి చికిత్స ఆపరేషన్ కాదు, నెలల తరబడి ఓపికగా చేయాల్సిన వ్యాయామం. బిగిసిన మెడ కండరాలను సాగదీయడం, వీపు కండరాలను బలపరచడం, పొట్టతో ఊపిరి తీయడం, భుజాన సంచీ వేలాడదీయకపోవడం, చెయ్యి తలమీద పెట్టుకుని నిద్రపోకపోవడం. చాలామందికి దీంతో నొప్పి అదుపులోకి వస్తుంది. పూర్తిగా పోతుందని మాత్రం మాట ఇవ్వలేం. తగ్గనివాళ్ళకి, రక్తనాళం నొక్కుకున్నవాళ్ళకి ఆపరేషన్ అవసరమవుతుంది, అది అనుభవమున్న చేతుల్లోనే జరగాలి. ఇప్పుడు మన ఆరోగ్య పథకాన్ని చూడండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేర్చుకుని చేసే చికిత్సల కోసం రూపొందింది. పక్కటెముక కోయడానికి డబ్బు పుట్టొచ్చు. వారానికి రెండుసార్లు వెళ్ళి ఆరునెలలు చేసుకునే ఫిజియోథెరపీకి పుట్టదు. కత్తికి వున్న విలువ చేతికి లేదు.

1925 నాటి ఉస్మానియా ఆసుపత్రి పాత భవనాన్ని 2020లో వార్డుల్లోకి వాననీళ్ళు వచ్చాక ఖాళీ చేశారు. కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. గంజ్‌కి అది నడిచి వెళ్ళేంత దూరం. ఎన్ని అంతస్తులు, ఎన్ని పడకలు అన్న మాటలు బాగా వినబడుతున్నాయి. ఫిజియోథెరపీ గది ఎన్ని గంటల దాకా తెరిచి వుంటుందన్న మాట ఎక్కడా వినబడలేదు. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా నడిచే ఓపీ, కిలో లెక్కన బతికే మనిషికి మూసివున్నదానితో సమానం. సాయంత్రం ఆరు తర్వాత తెరవాలి. అదికూడా పెద్దాసుపత్రిలోనే ఎందుకు? 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలు నడుస్తున్నాయి. వ్యాయామం నేర్పడానికి ఒక చాపా, ఒక ఫిజియోథెరపిస్టూ చాలు. వారానికి రెండు సాయంత్రాలు కూర్చోబెట్టడం ఏ బడ్జెట్‌కీ మోయలేని బరువు కాదు.

ఓపీ చీటీలో ఒక గడి వుంటుంది, వృత్తి అని. మా కార్యకర్తలు గంజ్ స్త్రీల దగ్గర సేకరించిన పాత చీటీలు చూస్తే ఆ గడిలో వున్నది చాలావరకు 'గృహిణి', కొన్నిట్లో గీత. ఈ మూడు నెలల్లో మేము చేయదలచుకున్న పని చిన్నది. ఒక కాగితం అచ్చు వేస్తున్నాం, తెలుగులోనూ ఉర్దూలోనూ. రోజూ ఏ పని, ఎన్ని గంటలు, చెయ్యి ఏ ఎత్తులో వుంటుంది, ఎప్పుడు ఎక్కడ దెబ్బ తగిలింది, ఏ వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఏ పని మధ్యలో ఆపేయాల్సి వస్తోంది - రాయడం వచ్చినవాళ్ళు రాసుకోవచ్చు, రానివాళ్ళకి మా వాళ్ళు రాసిపెడతారు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు దాన్ని చీటీకి పిన్ను చేయండి. చేతులు రెండూ ఎత్తించి చూడమని అడగండి. చూడకపోతే ఆ తేదీ కూడా కాగితం వెనక రాసి ఉంచండి.